ఘాట్‌లో కుదుపుతున్న ఆటోమేటిక్ బండి: గేర్‌బాక్స్ దించే ముందు చూడాల్సినవి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకీ అర్థమయ్యేలా ముందు నీ గొడవ క్లుప్తంగా చెప్తాను. 2017 మోడల్ ఇన్నోవా క్రిస్టా, 2.8 డీజిల్ ఆటోమేటిక్, నాలుగు నెలల కింద సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు. మీటరు 1,40,000 కిలోమీటర్లు చూపిస్తోంది. తెల్లారి స్టార్ట్ చేసి డీలో (డ్రైవ్) వేస్తే రెండు సెకన్లు ఏమీ జరగదు, తర్వాత దబ్‌మని పట్టుకుంటుంది. యాత్రికులతో తిరుమల ఎక్కేటప్పుడు రెండు నుంచి మూడో గేరుకి మారే చోట కుదుపు. చంద్రగిరి రోడ్డులో అరవై మీద తేలిగ్గా పోతుంటే కింద గరగరమని వణుకు. షోరూమ్‌లో అడిగితే గేర్‌బాక్స్ ఆయిల్ లైఫ్‌టైమ్, అంటే బండి ఉన్నంతకాలం మార్చక్కర్లేదు, ముట్టుకోవద్దన్నారు. బయట మెకానిక్ చూసి గేర్‌బాక్స్ దించాలి, 1,80,000 రూపాయలు అవుతుందన్నాడు.

ఇద్దరి మాటా ఇప్పుడే పట్టుకోవద్దు. నేను తిరుపతిలో ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, అందులో పన్నెండేళ్ళుగా ఎక్కువగా ఆటోమేటిక్‌లే చూస్తున్నాను. నువ్వు చెప్పిన మూడు లక్షణాలకీ ఒకటే కారణం ఉండాలని లేదు. బాక్స్ విప్పకుండా తేలిపోయేవి అందులో చాలా ఉన్నాయి. నువ్వు రాయని ఒక సంగతి మాత్రం నాకు కావాలి. ఘాట్‌లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ ఆర్‌పీఎం రయ్‌మని పైకి లేచి, బండి వేగం మాత్రం అక్కడే ఉంటోందా? అలా ఉంటే అది జారడం. అప్పుడు నేను కింద రాసేదాంట్లో సగం నీకు పనికిరాదు, ఆ సంగతి చివర్లో చెప్తాను. కుదుపు మాత్రమే ఉంటే ధైర్యంగా చదువు.

మన ఊళ్ళో ఆటోమేటిక్ బండ్లు ఎందుకు తొందరగా అలిసిపోతాయో ముందు తెలుసుకో. క్లచ్ పెడల్ లేదు కాబట్టి లోపల క్లచ్ లేదనుకుంటారు చాలామంది. నిజానికి గేర్‌బాక్స్‌లో ఒకటి కాదు, పలుచటి ప్లేట్లు పేర్చిన క్లచ్ ప్యాకులు కొన్ని ఉంటాయి. వాటిని నొక్కిపట్టేది ఆయిల్ ప్రెషరే. ఇంజన్‌కీ బాక్స్‌కీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజన్ వైపు రెక్కలు ఆయిల్‌ని చిలికి విసిరితే, ఆ విసురుకి బాక్స్ వైపు రెక్కలు తిరుగుతాయి. మజ్జిగ చిలికితే వెన్న వస్తుంది, ఇక్కడ చిలికితే వచ్చేది వేడి. హైవేలో ఒక వేగం దాటాక కన్వర్టర్‌లోనే ఉన్న లాకప్ క్లచ్ పడి రెండు వైపుల్నీ కలిపేస్తుంది, చిలకడం ఆగుతుంది. కడప రోడ్డులో ఎనభై మీద పోతుంటే ఆయిల్ చల్లగా, సుఖంగా ఉంటుంది.

ఘాట్‌లో అలా కుదరదు. అలిపిరి టోల్‌గేట్ దగ్గర క్యూలో పావుగంట పాకి, అక్కడినుంచి 1974లో వచ్చిన రెండో ఘాట్ పట్టుకొని దాదాపు 700 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ముందు ఆర్టీసీ బస్సు, బండిలో ఏడుగురు, పైన లగేజీ, ఏసీ ఫుల్లు, మే నెల ఎండ. వేగం ఇరవై, ముప్పై దాటదు. లాకప్ పడుతుంది, వదులుతుంది, మళ్ళీ పడుతుంది. దారి పొడుగునా చిలకడమే. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఆయిల్ 110, 120కి పోతుంది. అక్కడినుంచి ప్రతి పది డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సుమారుగా సగానికి పడిపోతుందన్నది మా పనిలో వాడే లెక్క. నీ బండి రోజూ ఒక ట్రిప్పు కొండకి పోయి ఉంటే, 1,40,000 అన్న అంకెని మైదానంలో తిరిగిన బండితో పోల్చకూడదు.

అందుకే లైఫ్‌టైమ్ అన్న మాట దగ్గర నాకు పేచీ. ఎవరి లైఫ్? చాలా కంపెనీల మాన్యువల్స్‌లోనే వెనక ఎక్కడో కఠిన వాడకం అని ఒక పేజీ ఉంటుంది. కొండదారులు, నిండు లోడు, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్, దుమ్ము, విపరీతమైన ఎండ అని అందులో రాసి ఉంటుంది. చదివితే అది తిరుపతి చిరునామాలా ఉంటుంది. గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ తన బాక్సులకి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకి గానీ, ఎనిమిదేళ్ళకి గానీ ఆయిల్ మార్చమని స్వయంగా చెప్తుంది. అదే బాక్సు పెట్టుకున్న కార్ల కంపెనీలేమో మార్చక్కర్లేదంటాయి. బాక్సు చేసినవాడి మాటకే నేను ఎక్కువ విలువిస్తాను. మన దగ్గర ఘాట్ తిరిగే బండికి 50,000 నుంచి 60,000కి ఒకసారి మార్చమని నేను చెప్తాను.

ఇక నీ బండి సంగతి. రూపాయి ఖర్చు తక్కువైన వాటితో మొదలుపెట్టు.

ముందు బ్యాటరీ. నవ్వకు. గేర్లు మార్చేది లోపలున్న సోలనాయిడ్లు, అంటే కరెంటుతో ఆయిల్ దారులు తెరిచి మూసే వాల్వులు, వాటికి ఆజ్ఞ ఇచ్చేది కంప్యూటర్. వోల్టేజీ పడిపోతే ఆ ఆజ్ఞ తడబడుతుంది. రాత్రంతా ఆగిన బండికి 12.4 వోల్టుల పైన, ఇంజన్ ఆడుతుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఎర్త్ కేబుల్ బోల్టు తుప్పు పట్టిందేమో విప్పి గీకి బిగించు. తెల్లారి మాత్రమే తిక్క చేసే రెండు బండ్లు నా దగ్గర కేవలం దీంతోనే దారికొచ్చాయి.

తర్వాత స్కాన్, అంటే బండి కంప్యూటర్‌లో దాచుకున్న తప్పుల కోడ్‌లు చదవడం. ఇంజన్ కోడ్‌లే కాదు, ట్రాన్స్‌మిషన్ కోడ్‌లు కూడా చదివే స్కానర్ ఉన్నవాడి దగ్గరికి పో. పి0700 వస్తే అది హెచ్చరిక గంట మాత్రమే. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఇంకో కోడ్ ఉంది, వెతకమని దానర్థం. పి0741 అయితే లాకప్ క్లచ్ సరిగా పట్టడం లేదు. పి0730 అయితే వేసిన గేరుకీ తిరుగుతున్న లెక్కకీ పొంతన లేదు, అంటే ఎక్కడో జారుతోంది. పి0218 ఉంటే ఆయిల్ ఎప్పుడో అతిగా కాగింది. మీటరులో లైటు వెలగకపోయినా పాత కోడ్‌లు లోపల దాగి ఉండొచ్చు. అవి చెరపకముందే ఫోటో తీసి పెట్టుకో. కొందరు చూడగానే చెరిపేసి, బాగైపోయింది అన్నా అని పంపించేస్తారు. అక్కడితో సాక్ష్యం మాయం.

మూడోది, బాక్సుకి బయట ఉన్నవి. నీది వెనక చక్రాలతో నడిచే బండి, కింద పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది. దాని క్రాస్ జాయింట్లు అరిగినా, షాఫ్ట్ ముక్కలు ఒకదాంట్లో ఒకటి జారే గాళ్ళ (స్ప్లైన్) దగ్గర గ్రీజు ఆరిపోయినా, డీలో వేయగానే, సిగ్నల్ దగ్గర ఆగి కదలగానే అచ్చం నువ్వు చెప్పినట్టే దబ్‌మంటుంది. బండి చదునుగా ఉన్నచోట చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, కింద పడుకొని షాఫ్ట్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పి చూడమను. టకటకమని ఆట కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఇంజన్ మౌంటింగులు, గేర్‌బాక్స్ మౌంటింగు రబ్బర్లు కూడా చూడాలి. డీజిల్ కాబట్టి టర్బో గొట్టం ఎక్కడైనా చిట్లి గాలి పోతోందా, గాలి కొలిచే సెన్సార్ మసిబారిందా అన్నది కూడా ముఖ్యమే. ఇంజన్ ఎంత బలం ఇస్తోందో తెలుసుకున్నాకే గేర్‌బాక్స్ తన ప్రెషర్ నిర్ణయించుకుంటుంది. ఆ లెక్క తప్పితే గేరు పడే తీరు తప్పుతుంది, నింద మాత్రం బాక్సు మీద పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఆయిల్. నీ తెల్లారి ఆలస్యానికి నా మొదటి అనుమానం ఆయిల్ లెవెల్ మీదే. లోపల పంపు ఆయిల్ లాగి క్లచ్ ప్యాకు నింపేదాకా బండి కదలదు. ఆయిల్ తక్కువైనా, దాన్ని వడకట్టే స్ట్రెయినర్ పూడుకుపోయినా, సీళ్ళు గట్టిపడినా ఆ నింపడానికి టైము పడుతుంది.

ఈ బాక్సులకి ఇంజన్‌కి ఉన్నట్టు డిప్‌స్టిక్ ఉండదు. లెవెల్ చూడాలంటే బండిని లిఫ్ట్ మీద నాలుగు వైపులా సమంగా ఎత్తాలి. ఇంజన్ ఆడుతూ ఉండాలి, గేరు లివర్‌ని ప్రతి స్థానంలోనూ కొన్ని సెకన్లు ఉంచి మళ్ళీ పార్క్ (పీ) స్థానానికి తేవాలి, ఆయిల్ వేడి సుమారు 40 డిగ్రీల దగ్గర ఉండాలి. కచ్చితమైన అంకె నీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోమను. ఆ వేడి దగ్గర లెవెల్ బోల్టు విప్పితే ఆయిల్ సన్నటి దారంలా కారి, చుక్కలుగా మారాలి. అసలేమీ రాకపోతే తక్కువ. ధారగా పోతే ఎక్కువ, లేదా ఆయిల్ ఎక్కువ కాగి ఉంది. వేడికి ఆయిల్ పొంగుతుంది కాబట్టి ఘాట్ దిగొచ్చిన బండికి అప్పటికప్పుడు లెవెల్ చూస్తే నిండుగా ఉన్నట్టు అబద్ధం చెప్తుంది.

దీంట్లో నేను తిన్న దెబ్బ ఒకటి చెప్తాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో పలమనేరు నుంచి ఒక వ్యాన్ వచ్చింది. ఆయిల్ మార్చమన్నారు. ఎంత దిగిందో కొలిచి, అంతే కొత్తది పోసి పంపాను. ఏం తప్పు అనుకున్నాను, కొలత కొలతకి సరి కదా! ముందు చేసినవాడే లీటరు పైన తక్కువ పోశాడని నాకు తెలియదు. నేను ఆ తప్పునే శ్రద్ధగా కొలిచి మళ్ళీ పోశాను. మొగిలి ఘాట్ ఎక్కుతుంటే బండి చేతులెత్తేసింది. మలుపుల్లో ఆయిల్ ఒక పక్కకి ఒరిగి, పంపు గాలి పీల్చి, క్లచ్ ప్లేట్లు మాడిపోయాయి. బాక్స్ మొత్తం విప్పి బాగుచేసే ఆ ఓవర్‌హాల్ ఖర్చు ఆరు నెలలు నా జీతంలోంచే పోయింది. దిగినంత పోయడం ఒక అంచనా మాత్రమే. వేడి చూసి లెవెల్ పెట్టేదాకా పని అయినట్టు కాదు. నీ బండికి ఎవరు చేసినా, వేడి ఎలా చూస్తారన్నా అని ఒక్క ప్రశ్న అడుగు. స్కానర్‌లో చూస్తానంటే కూర్చో. చెయ్యి పెట్టి చూస్తానంటే బండి తీసుకొని వచ్చెయ్.

ఇంకో జాగ్రత్త. పాత ఆయిల్ దించకముందే, కొత్తది పోసే బోల్టు ఊడుతుందో లేదో చూడమను. ఏడెనిమిదేళ్ళు కదలని బోల్టు తల అరిగి తిరగకపోతే, ఖాళీ చేసిన బండి లిఫ్ట్ మీదే ఉండిపోతుంది.

దిగిన ఆయిల్‌ని తెల్లటి గిన్నెలో పట్టించి నీ కళ్ళతో చూడు. కొత్తది ఎర్రగా ఉంటుంది. గోధుమరంగు దాకా నల్లబడితే వయసు, భయం లేదు. నల్లగా ఉండి మాడు వాసన కొడితే లోపల ప్లేట్లు కాలాయి. స్ట్రాబెర్రీ మిల్క్‌లా గులాబీరంగులో చిక్కగా ఉంటే రేడియేటర్ నీళ్ళు ఆయిల్‌లో కలిశాయి. అలాంటి బండిని ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకు, ముందు ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ మార్చాలి. తర్వాత మనవాళ్ళు చాంబర్ అనే ఆయిల్ పాన్ విప్పించి, అందులోని అయస్కాంతాలు చూడు. మెత్తటి బూడిదరంగు ముద్ద ఉంటే మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే ఇనుప ముక్కలు, నల్లటి పొట్టు కుప్పగా ఉంటే మాత్రం ఆయిల్ మీద డబ్బు పెట్టకు, ఓవర్‌హాల్‌కి దాచుకో. అన్నీ బాగుంటే అదే చేత్తో స్ట్రెయినర్, ప్యాకింగు కొత్తవి వేయించు.

పాన్ దించినా సగం ఆయిల్ కూడా రాదు. మిగిలింది కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది. ఒకసారికి 40 శాతం మారిందనుకుందాం. పాతది 60 మిగులుతుంది. 500 కిలోమీటర్లు తిరిగి మళ్ళీ మారిస్తే 36, మూడోసారికి 22కి దిగుతుంది. నీ బండికి నేనైతే ఇలా మూడు విడతల్లోనే చేస్తాను. మెషీన్ పెట్టి ప్రెషర్‌తో కడిగేస్తామంటారు, చరిత్ర తెలియని పాత బాక్సుకి అది వద్దు. ఆయిల్ మార్చగానే గేర్‌బాక్స్ పోయింది అన్న కథలు నువ్వూ వినుంటావు. అందులో చాలావరకు మార్చేనాటికే ప్లేట్లు అరిగి జారుతున్నవి, లేదా ప్రెషర్‌కి పేరుకున్న మట్టి కదిలి, ఆయిల్‌ని క్లచ్ ప్యాకులకి పంచే వాల్వ్ బాడీలో ఇరుక్కున్నవి.

ఆయిల్ ఏది అన్నదాంట్లో బేరం లేదు. టయోటాకి డబ్ల్యూఎస్, హోండాకి డీడబ్ల్యూ-1, హ్యుందాయ్, కియా ఆరు గేర్ల బాక్సులకి ఎస్‌పీ-4. అన్ని బండ్లకీ పనికొస్తుంది అని రాసిన డబ్బా చవగ్గా దొరుకుతుంది. రంగు కూడా ఎర్రగానే ఉంటుంది. కుంకుమా ఎరుపే, కారమూ ఎరుపే! క్లచ్ ప్లేట్లు ఎంత జారాలి, ఎంత పట్టాలి అన్నది ఆ ఆయిల్‌లో కలిపే మందుల్లోనే ఉంది. అరవై మీద నీకొస్తున్న గరగర లాకప్ క్లచ్ వణుకు లాగే ఉంది. ఆయిల్‌లో ఆ మందులు అరిగిపోతే ప్లేటు సాఫీగా పట్టకుండా పట్టీ వదిలీ వణుకుతుంది. సరైన కొత్త ఆయిల్ పడ్డాక రెండో విడతకల్లా ఈ వణుకు పోయిన బండ్లు నా దగ్గర చాలా ఉన్నాయి. పోకపోతే కన్వర్టర్ అనుమానించాలి.

ఆయిల్ అయ్యాక స్కానర్‌తో గేర్‌బాక్స్ నేర్చుకున్న పాత లెక్కలు చెరిపించి, కొత్తగా నేర్పించాలి. అరిగిన ఆయిల్‌కి తగ్గట్టు కంప్యూటర్ ఇన్నాళ్ళూ ప్రెషర్ సర్దుకుంటూ వచ్చింది. అది చెరపకపోతే కొన్నాళ్ళు ఇంకా ఎక్కువ కుదుపు రావచ్చు. తర్వాత రెండు మూడు రోజులు రేణిగుంట వైపో, చంద్రగిరి వైపో తేలిగ్గా నడుపు. కొండ ట్రిప్పులు ఆ తర్వాతే.

ఇవన్నీ అయినా రెండు, మూడు మధ్య కుదుపు అలాగే ఉంటే వాల్వ్ బాడీ, సోలనాయిడ్లు. అవి పాన్ విప్పితే కింద నుంచే అందుతాయి, బాక్స్ మొత్తం దించక్కర్లేదు. మంచి చేతికి ఇస్తే శుభ్రం చేసో, ఒకటి రెండు సోలనాయిడ్లు మార్చో తేల్చేస్తాడు. ఇంత దూరం వచ్చాక కూడా ఓవర్‌హాల్ అంటేనే అప్పుడు ఆలోచించు.

రెండో ఘాట్‌లో నడిపే పద్ధతి కూడా కొంచెం మార్చుకో. ఎక్కేటప్పుడు లివర్‌ని, గేరు మన చేత్తో ఎంచుకునే ఎస్‌లోకి తెచ్చి రెండులోనో మూడులోనో ఉంచు. డీలో వదిలేస్తే గేరు పైకీ కిందకీ ఊగిసలాడుతుంది, ప్రతి ఊగులాటా వేడే. క్యూలో ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటు మాన్యువల్ నుంచి వచ్చిన డ్రైవర్లలో ఎక్కువ. ఆ రెండు నిమిషాల్లో కన్వర్టర్ కాగే కాగుడు అంతా ఇంతా కాదు. బ్రేకు మీద ఆపు. పైకి చేరాక వెంటనే ఇంజన్ ఆపకుండా పీలో రెండు మూడు నిమిషాలు ఆడనివ్వు, పంపు తిరుగుతూ ఆయిల్‌ని కూలర్‌కి పంపుతుంది. ఆపేస్తే ఆ కాగిన ఆయిల్ అక్కడే కాగుతూ కూర్చుంటుంది. వాలులో పార్క్ చేసేటప్పుడు ముందు హ్యాండ్‌బ్రేక్, తర్వాత పీ. తిరగేస్తే బండి బరువంతా లోపలున్న చిటికెన వేలంత పన్ను మీద పడుతుంది, తీసేటప్పుడు టక్‌మంటుంది.

దిగేటప్పుడు, 1944 నాటి పాత ఘాట్ మలుపుల్లో, డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తాళ్ళు తెగిన బండి అది. ఇంజన్ పట్టు ఉండదు, బ్రేకులు కాగి పట్టడం మానేస్తాయి. మిగిలే డీజిల్ కూడా లేదు, గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ దాదాపు డీజిలే తాగదు. ఎస్‌లో రెండు, మూడు పెట్టుకొని దిగు. దిగడానికి 40 నిమిషాలు ఎలాగూ పట్టాలనే నిబంధన ఉంది, తొందరపడి చేసేదేమీ లేదు.

రేడియేటర్ ముందు పేరుకున్న దుమ్ము, పురుగులు నెలకొకసారి మెల్లటి నీళ్ళ ధారతో కడిగించు. బండి ఎక్కడైనా ఆగిపోతే తాడు కట్టి లాగించకు. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, వెనక చక్రాలు తిరిగితే లోపల ఆయిల్ లేకుండా గేర్లు తిరుగుతాయి. బండి మొత్తం ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ పిలువు.

ఇక మొదట అడిగిన జారడం. ఆర్‌పీఎం లేచి బండి లేవకపోతే, వేడెక్కాక రివర్స్ పట్టకపోతే, ఆయిల్ నల్లగా మాడు వాసనతో దిగితే, పైన రాసిన ఆయిల్ వైద్యం దానికి పనిచేయదు. అరిగిన ప్లేటుకి ఆయిల్ పోస్తే మందం రాదు. అప్పుడు నీ మెకానిక్ చెప్పిందే నిజం. అయితే 1,80,000లో ఏమేం వస్తాయో కాగితం మీద రాయించు. క్లచ్ ప్లేట్లు, సీళ్ళ కిట్టు, కన్వర్టర్ రిపేరు, కూలర్ శుభ్రం లేదా కొత్తది, ఎన్ని నెలల గ్యారంటీ. కూలర్ మాట ఎత్తకపోతే ఎందుకని అడుగు. పాత ఇనుప పొడి అందులోనే ఉంటే కొత్త ప్లేట్ల మీదికి మళ్ళీ అదే వస్తుంది.

ముందు బ్యాటరీ, స్కాన్, షాఫ్ట్ చూపించు. ఆయిల్ దించిన రోజు గిన్నెలో ఆయిల్, అయస్కాంతాలు, స్కానర్‌లో వచ్చిన కోడ్‌లు, మూడింటి ఫోటోలూ ఇక్కడ పెట్టు. అవి చూసి మిగతాది చెప్తాను. అప్పటిదాకా కొండ ట్రిప్పులు ఇంకో బండిలో వెయ్యి.